పౌరహక్కుల చట్టము, మన నేత వీధులు

మైనారిటీ హక్కు, రిజర్వేషను, పౌరహక్కు అను మూడు మాటలను మన వీధులలో ఒకే ముద్దగా కలిపి మాట్లాడుట అలవాటైపోయినది. నూలు తీసుకొనుటకు వచ్చిన సభ్యులు మా కార్యాలయపు వసారాలో కూర్చుండి, "కార్యదర్శిగారూ, మనము తెలుగువారము గదా, మనకు చట్టములో ఏమున్నది?" అని అడుగుచుందురు. మనకు ఏమి వచ్చునని అడిగినవారే గాని, మన మీద ఏ బాధ్యత ఉన్నదని అడిగినవారు తక్కువ. ఈ సంచికలో రెండు విషయములనూ వ్రాయుచున్నాము. మేము వకీళ్ళము కాము. చదివి, నిశ్చయముగా తెలుసుకొన్నంత వరకే చెప్పుచున్నాము.

విజయనగర రాజుల కాలమందును, 1529లో విశ్వనాథ నాయకునితో మధుర నాయక రాజ్యము ఏర్పడిన పిదపను, తెలుగు కుటుంబములు దక్షిణమునకు గుంపులుగా దిగివచ్చినవి. దండుతో కొందరు, సేద్యమునకు కొందరు, మగ్గమును నమ్ముకొని కొందరు వచ్చిరి. కోయంబత్తూరు, సిరుముగై, నెగమము ప్రాంతములలోని మన దేవాంగులలో ఇంట తెలుగు మాట్లాడువారును కలరు, కన్నడము మాట్లాడువారును కలరు. చౌడేశ్వరి పండుగనాడు ఆ భేదము ఎవరికిని గుర్తుండదు. పద్మశాలీలు ఇంకొక వైపు. మధురలో మన పక్క వీధి సౌరాష్ట్రులు, వారి భాష వేరు, మన మాటలు అందులో చాల కలిసినవి. 2011 జనాభా లెక్కల ప్రకారము తమిళనాడులో తెలుగు మాతృభాషగా చెప్పుకొన్నవారు 42 లక్షలకు పైబడి ఉన్నారు, అనగా నూటికి ఆరుగురికి కొంచెము తక్కువ. నాలుగైదు వందల ఏండ్లుగా ఇక్కడి నీరు త్రాగినవారము, ఈ నేలకు పరాయివారము కాము. అయితే భాష లెక్కలో అల్పసంఖ్యాకులము.

ఈ అల్పసంఖ్యాకులకు రాజ్యాంగము కొన్ని రక్షణలు ఇచ్చినది. తమ భాషను, లిపిని కాపాడుకొను హక్కు 29వ అధికరణములో ఉన్నది. తమ విద్యాసంస్థలను తాము పెట్టుకొని నడుపుకొను హక్కు 30వ అధికరణములో ఉన్నది. భాషారాష్ట్రముల ఏర్పాటుతో పాటు 1956లో చేర్చిన 350-ఎ అధికరణము, అల్పసంఖ్యాక భాషల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పు సౌకర్యము కల్పించవలెనని ప్రభుత్వములకు చెప్పుచున్నది. భాషా అల్పసంఖ్యాకులెవరో దేశమంతటిని లెక్కించి కాక, రాష్ట్రమును లెక్కించి తేల్చవలెనని 2002లో టి.ఎం.ఏ. పాయ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పినది. కనుక ఆంధ్రలో పెద్ద భాషయైన తెలుగు ఇక్కడ అల్పసంఖ్యాక భాష.

2006లో తమిళనాడు ప్రభుత్వము తమిళము నేర్చుకొనుటను నిర్బంధము చేయుచు చట్టము చేసినది. ఒకటవ తరగతితో మొదలుపెట్టి ఏటికొక తరగతి చొప్పున పైకి పోయి, 2016లో పదవ తరగతి పరీక్ష వరకు వచ్చినది. తెలుగు, ఉరుదూ, మలయాళము, కన్నడము చదివిన పిల్లలు చిక్కున పడిరి. కోర్టులకు పోయి మినహాయింపు తెచ్చుకొనవలసి వచ్చినది. 2023లో సుప్రీంకోర్టు ఆ మినహాయింపును మరియొక ఏడు పొడిగించినది. మా అభిప్రాయము దాచనక్కరలేదు: తమిళము నేర్చుట వలన మన పిల్లలకు నష్టమేమియు లేదు. మన సంఘపు లెక్కలు తమిళములోనే వ్రాయుచున్నాము, మన పట్టుచీరలు కొనువారు తమిళులే. కాని పదేండ్లు తెలుగు చదివిన పిల్లవానిని చివరి పరీక్షలో నిలబెట్టి, నీ భాషకు మార్కులు లేవనుట న్యాయము కాదు.

రిజర్వేషను సంగతి వేరు. అది భాషను బట్టి వచ్చినది కాదు. దేవాంగులును, పద్మశాలీలును ఈ రాష్ట్రములో వెనుకబడిన తరగతుల జాబితాలో ఉన్నారు, ఆ జాబితాను బట్టియే మన పిల్లలకు కళాశాలలో చోటు దొరకుచున్నది. దీనికి ఆధారమైన 15(4) అధికరణము పుట్టినదే మన పాత మద్రాసు రాష్ట్రపు తగవు నుండి. 1951 ఏప్రిలులో చంపకం దొరైరాజన్ కేసులో సుప్రీంకోర్టు మద్రాసు ప్రభుత్వపు కమ్యూనల్ జీ.ఓ.ను కొట్టివేయగా, జూనులో పార్లమెంటు మొదటి రాజ్యాంగ సవరణ చేసి ఈ అధికరణమును చేర్చినది. సమానత్వమనగా అందరినీ ఒకే గీత మీద నిలబెట్టుట మాత్రమే కాదని, వెనుకనున్నవానికి చేయూతనిచ్చుటయును అందులో భాగమేనని మన కుటుంబములే అనుభవించి తెలుసుకొన్నవి.

ఇక రెండవ వైపు.

కొంగునాట ఊరి చివర ఇంకొక తెలుగు వీధి ఉండును. అక్కడి ఇండ్లలోను అమ్మను అమ్మ అనియే పిలుతురు, జోల తెలుగులోనే పాడుదురు. వారు అరుంధతీయులు. ప్రభుత్వపు జాబితాలో అరుంధతీయ, చక్కిలియ, మాదారి, మాదిగ, పగడై, తోటి, ఆది ఆంధ్ర అని ఏడు పేర్లు ఒక కూటముగా ఉన్నవి. చివరి పేరును మరియొకసారి చదువుడు. ఆంధ్ర శబ్దమును తమ కులము పేరుగా సర్కారు కాగితము మీద మోయుచున్నవారు వారే. విద్యుత్ పంపుసెట్లు రాకమునుపు కోయంబత్తూరు తోటలలో బావినీరు తోడుటకు తోలు బొక్కెనలు కుట్టి ఇచ్చినది వారు. మన గుంటమగ్గములమీద నాడెను తరిమిన పికరు ఒకప్పుడు తోలుదే గదా, ఆ తోలు ఎవరి చేతుల మీదుగా వచ్చినదో పెద్దలకు తెలియును. పంపుసెట్లు వచ్చి బొక్కెనల పని పోయిన తరువాత వారిలో చాలమంది పట్టణముల వీధులు ఊడ్చు పనికి, మురుగు ఎత్తు పనికి పోయిరి. మీనాక్షి అమ్మవారి గుడి తూర్పు గోపురము వద్ద పూజలందుకొనుచున్న మధురవీరుడు కథ ప్రకారము వారి బిడ్డయే. అతనికి దండము పెట్టి, ఆ కులమువానికి గ్లాసు వేరుగా పెట్టిన ఊళ్ళు ఉన్నవి.

ఈ గ్లాసు గురించియే చట్టము. మద్రాసు రాష్ట్రములో దీనికి మొదటి ప్రయత్నము స్వాతంత్ర్యమునకు ముందే జరిగినది. 1938లో ఎం.సి. రాజా గారి చొరవతో, పౌర అశక్తతల తొలగింపు చట్టము వచ్చినది. మరు సంవత్సరము 1939 జులై 8న ఏ. వైద్యనాథ అయ్యరు గారు, పి. కక్కన్ మొదలుగా ఐదుగురు హరిజనులతోను ఒక నాడారు సోదరునితోను మధుర మీనాక్షి ఆలయము లోపల ప్రవేశించిరి. అప్పుడు ఆలయ కార్యనిర్వహణాధికారిగా ఉండి వారిని రానిచ్చినవారు ఆర్.ఎస్. నాయుడు గారు. ఈ పేరు మన పిల్లలకు చెప్పదగినది. రాజాజీ ప్రభుత్వము ఆ ఏడే ఆలయప్రవేశ చట్టము తెచ్చి ఆ పని చేసినవారికి రక్షణ కల్పించినది. కక్కన్ గారు తరువాతి కాలమున రాష్ట్ర మంత్రియైనారు.

1950 జనవరి 26న అమలులోనికి వచ్చిన రాజ్యాంగములో 17వ అధికరణము అంటరానితనమును రద్దు చేసి, దానిని ఏ రూపమున పాటించినను నేరమన్నది. ఇది సర్కారును మాత్రమే కాదు, ఇంటిని, కొట్టును, కులమును గూడ కట్టివేయు అధికరణము. దానిని నడిపించుటకు 1955లో అస్పృశ్యతా నేరముల చట్టము చేసిరి. 1976లో దానిని బిగించి పౌరహక్కుల రక్షణ చట్టము అని పేరు మార్చిరి. నేటికిని అమలులో ఉన్నది. శిక్ష నెలకు తక్కువ కాకుండ ఆరు నెలల వరకు జైలు, నూరు రూపాయల నుండి ఐదు వందల వరకు జరిమానా. పోలీసులు వారంటు లేకుండగనే పట్టుకొనవచ్చును. జరిమానా చూచి నవ్వువారు జైలు మాట మరచిపోవుచున్నారు.

ఈ చట్టములోని నాలుగవ సెక్షను మన వీధుల కొలత తీసుకొని వ్రాసినట్లున్నది. టీకొట్టులోనికి రానీయకపోవుట నేరము. రానిచ్చి, అందరి గ్లాసులు కాక వేరు గ్లాసు ఇచ్చుటయును నేరమే. హోటలులోని పాత్రల వాడకము గురించి ప్రత్యేకముగా వ్రాసినారు. బావి, చెరువు, కుళాయి, శ్మశానము చెప్పనే చెప్పినారు. ఏ వీధిలోనైనను ఇల్లు కట్టుకొనుటకు, కొనుటకు, కాపురముండుటకు అడ్డుపడరాదు. నగలు పెట్టుకొన్నాడని, మంచి బట్ట కట్టినాడని ఆక్షేపింపరాదు. ఈ ఒక్క వాక్యము వ్రాయవలసి వచ్చినదంటే, బట్ట నేయు మనకు కొంత ఆలోచన కలుగవలెను. దేవుని ఊరేగింపులో పాల్గొనుటకు, ఊరేగింపు తీయుటకు అడ్డు చెప్పరాదు. ఏ వృత్తినైనను, వ్యాపారమునైనను చేయుటకు, ఏ ఉద్యోగములోనైనను చేరుటకు అడ్డుపడరాదు. మగ్గముమీద కూర్చుండుటయును వృత్తియే.

చచ్చిన గొడ్డును తీయుమని, పాయిఖానా ఎత్తుమని అంటరానితనము సాకున బలవంతపెట్టుట 7-ఎ సెక్షను క్రింద నేరము. చేతితో మలమెత్తించుటను 1993లోను, మరల ఇంకను విస్తృతముగా 2013లోను ప్రత్యేక చట్టములతో నిషేధించిరి. మురుగు గుంటలో దిగి చనిపోయినవాని కుటుంబమునకు పది లక్షలు ఇవ్వవలెనని 2014లో, ముప్పది లక్షలు ఇవ్వవలెనని 2023లో సుప్రీంకోర్టు ఆదేశించినది. డబ్బు పెరిగినది గాని దిగువారి వీధి మారలేదు.

సాక్ష్యము ఎక్కడ దొరకునని కొందరు అడుగుదురు. "గ్లాసు వేరుగా ఇచ్చినది కులము చూచి కాదు, గ్లాసులు చాలక" అని కొట్టువాడు చెప్పవచ్చును గదా అని వారి వాదము. 12వ సెక్షను దీనికి జవాబు. అడ్డుకొన్న పని షెడ్యూల్డు కులమువాని విషయములో జరిగినచో, అంటరానితనము కారణముగానే జరిగినదని కోర్టు భావించును. కాదని నిరూపించుకొను భారము అడ్డుకొన్నవానిదే.

మన కులపెద్దలు చదువవలసిన వాక్యము మాత్రము 7వ సెక్షను రెండవ ఉపవిభాగములో ఉన్నది. తన కులములోని ఒకడు అంటరానితనము పాటింపననినందుకు వానికి కులములో రావలసిన హక్కును తీసివేసినను, వానిని వెలివేయుటలో పాలుపంచుకొన్నను ఆ పెద్దలకే శిక్ష. అనగా మనలో ఒక యువకుడు తనతో మిల్లులో పనిచేయు అరుంధతీయ మిత్రుని పెండ్లికి పిలిచి పక్కన కూర్చుండబెట్టి భోజనము పెట్టినాడనుకొందము. కులసభ చేరి అతనికి తప్పు వేసి, పండుగ వరుస తప్పించినచో, నేరస్థులు సభలో కూర్చున్నవారు. ఈ సెక్షను మన పిల్లల రక్షణకే వ్రాయబడినది. దీనిని కులసభ గోడమీద వ్రాయించుట మంచిదని మా సలహా.

సంఘములో సభ్యత్వము మాట అందరికంటె ఎక్కువగా వచ్చుచున్నది. "అయ్యా, వేరే కులమువాడు నేత నేర్చుకొని దరఖాస్తు పెట్టినచో తీసుకొని తీరవలెనా? ఇది మన కులవృత్తి గదా" అని ఒక పెద్దాయన ఈ నడుమ అడిగినారు. మరియొకరు కొంచెము చదువుకొన్నవారు, 2005లో గుజరాతులోని పార్శీల గృహనిర్మాణ సహకార సంఘము కేసును జ్ఞాపకము చేసినారు. నిజమే, పార్శీలను మాత్రమే సభ్యులుగా చేర్చుకొందుమను ఆ సంఘపు నియమమును సుప్రీంకోర్టు చెల్లుననినది. సహకార సంఘము ప్రభుత్వము కాదు గనుక 15వ అధికరణము దానిని నేరుగా కట్టివేయదన్నది. కాని ఆ తీర్పును మన కేసుకు తెచ్చి తగిలించుట సరికాదని మేము చెప్పుచున్నాము. అది ఒక మతమువారు తమ నివాసములను గురించి నియమావళిలో ముందుగానే వ్రాసుకొన్న సంగతి. మా సంఘపు నియమావళిలో కులమను మాటయే లేదు. నేతపని తెలియవలెను, మన పరిధిలో కాపురముండవలెను, వాటా ధనము కట్టవలెను, అంతే. లేని నియమమును మనస్సులో పెట్టుకొని ఒక అరుంధతీయుని దరఖాస్తును త్రోసివేసినచో, అది వృత్తికి అడ్డుపడుటగా నాలుగవ సెక్షను క్రిందికే రాగలదు. ఆపైన 2012 నుండి సహకార సంఘముగా ఏర్పడు హక్కు రాజ్యాంగపు 19వ అధికరణములో చేరియున్నది. ఆ హక్కు మనకొక్కరికే వ్రాయలేదు.

కులవృత్తి పోవునను భయము గురించి ఒక మాట. మన పిల్లలే మగ్గము దిగి మిల్లులకు, మోటారు కంపెనీలకు పోవుచున్నారు. గుంటలు పూడ్చి మోటారు సైకిళ్ళు నిలుపుకొన్న ఇండ్లు మా వీధిలోనే ఉన్నవి. ఖాళీ మగ్గమును ఖాళీగా ఉంచుటకు కాపలా కాయుట ఏమి లాభమో మాకు తెలియదు. కోవై కోరా చీరకు 2014లో భౌగోళిక గుర్తింపు వచ్చినది. ఆ గుర్తింపు ఊరికి, నేతకు ఇచ్చినది.

గోడల సంగతి వ్రాయక తప్పదు. మధుర జిల్లా ఉత్తపురములో దళితుల వాడను వేరుచేయుచు ఇరువది ఏండ్లుగా నిలిచిన గోడలో కొంత భాగమును 2008 మే 6న జిల్లా అధికారులు పడగొట్టి దారి చేసిరి. అది తెలుగువారి తగవు కాదు. కాని 2019 డిసెంబరు 2 తెల్లవారుజామున మేట్టుపాళయము నడూరులో జరిగినది మన పక్కింటి కథ. సిరుముగై మగ్గముల చప్పుడుకు ఎంతో దూరము లేదు. ఒక ఇంటి ఆవరణకు ఎత్తుగా కట్టిన రాతిగోడ వానకు నాని, క్రిందనున్న అరుంధతీయుల ఇండ్ల మీద కూలినది. నిద్రలో ఉన్న 17 మంది చనిపోయిరి. స్త్రీలు, పిల్లలు అందులో ఉన్నారు. గోడ ప్రమాదకరముగా ఉన్నదని తాము ముందే మొరపెట్టుకొన్నామని, తమను వేరుచేయుటకే అంత ఎత్తు లేపిరని అక్కడివారు చెప్పిరి. అది వాన చేసిన పనియని అనువారును ఉన్నారు. వాన ఇరువైపులను సమానముగానే కురిసినది.

పౌరహక్కుల చట్టము చాలదని తేలిన తరువాత 1989లో షెడ్యూల్డు కులములు, తెగలపై అత్యాచారముల నివారణ చట్టము వచ్చినది. దీని క్రింద విచారణను డి.ఎస్.పి. హోదాకు తక్కువ కాని అధికారి చేయవలెను. దీనిని దుర్వినియోగము చేయుదురని మనలో చాలమంది ఫిర్యాదు. 2018 మార్చిలో సుప్రీంకోర్టు అట్టి భయముతోనే ముందు విచారణ లేనిదే కేసు పెట్టరాదని, అనుమతి లేనిదే అరెస్టు చేయరాదని ఆంక్షలు పెట్టినది. ఆ ఏడే పార్లమెంటు చట్టమును సవరించి ఆ ఆంక్షలను తొలగించగా, 2020 ఫిబ్రవరిలో కోర్టు ఆ సవరణను ఒప్పుకొన్నది. తప్పుడు కేసు ఏ చట్టము క్రిందనైనను పెట్టవచ్చును. నూలు దొంగతనమని తప్పుడు కేసు పెట్టినవారిని మేము ఎరుగుదుము, అందువలన దొంగతనము చట్టమును తీసివేయుమని ఎవరును అనలేదు.

2009లో తమిళనాడు ప్రభుత్వము షెడ్యూల్డు కులముల 18 శాతములో 3 శాతమును అరుంధతీయులకు ప్రత్యేకించుచు చట్టము చేసినది. ఆంధ్రలో మాదిగ దండోరా ఉద్యమము 1994 నుండి అడిగినది ఇదియే. అక్కడ 2000లో చేసిన చట్టమును 2004లో సుప్రీంకోర్టు చిన్నయ్య కేసులో కొట్టివేసినది. ఇరువది ఏండ్ల తరువాత, 2024 ఆగస్టు 1న ఏడుగురు న్యాయమూర్తులలో ఆరుగురు ఆ పాత తీర్పును త్రోసిపుచ్చి, లోపలి విభజన చెల్లునన్నారు. తమిళనాడు చట్టమును గూడ నిలబెట్టినారు. తెలంగాణములో ఈ విభజన 2025 ఏప్రిలు 14 నుండి అమలైనది. వెనుకబడినవారిలోను మరింత వెనుకనున్నవారు ఉందురని కోర్టు ఒప్పుకొన్నట్లు దీని అర్థము.

ఆ మాట మన ఇండ్లలోనికి గూడ వచ్చును. 2019-20 చేనేత గణన ప్రకారము దేశములోని చేనేత పనివారిలో నూటికి డెబ్బదిమందికి పైగా స్త్రీలు. కండెలు చుట్టువారు, పడుగు సరిచేయువారు, గంజి పెట్టువారు, మగ్గము నేయువారు వారే. అయినను మా సంఘపు సభ్యుల పుస్తకము తీసి చూచిన, భర్త పేరు, మామ పేరు, చనిపోయిన మామ పేరు! పేరు లేనిదే గుర్తింపు కార్డుకు, పొదుపు నిధికి చిక్కే. తమిళనాడులో 1989 నుండి కూతురికి తండ్రి ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమానముగా వాటా ఉన్నది. మగ్గములో మాత్రము ఆమెకు కూలియే మిగిలినది. ఒకే పనికి ఆడుమగలకు ఒకే కూలి ఇవ్వవలెనని 1976 సమాన వేతన చట్టము చెప్పినది, తరువాత వచ్చిన వేతన స్మృతిలోను ఆ సూత్రము నిలిచినది.

ఎవరికైనను అన్యాయము జరిగినచో ఎక్కడికి పోవలెనో చెప్పి ముగించెదము. షెడ్యూల్డు కులములవారికి, స్త్రీలకు ఆదాయముతో నిమిత్తము లేకుండ వకీలును ఉచితముగా ఏర్పాటు చేయవలెనని 1987 న్యాయసేవల చట్టము చెప్పుచున్నది. జిల్లా న్యాయసేవల సంస్థ కోర్టు ఆవరణలోనే ఉండును, అర్జీ తెల్లకాగితము మీద వ్రాసిన చాలును. అత్యాచారముల ఫిర్యాదుకు 14566 అను ఫోను నంబరు ఉన్నది. తెలుగు తప్ప వ్రాయలేనివారు మా కార్యాలయమునకు వచ్చినచో తమిళములో వ్రాసి ఇత్తుము, ఏ వీధివారైనను సరే, రుసుము లేదు. వచ్చే సర్వసభ్య సమావేశపు కార్యక్రమములో రెండు తీర్మానములు పెట్టినాము: మగ్గముమీద పనిచేయు స్త్రీలను వారి పేరనే సభ్యులుగా చేర్చుట ఒకటి, పరిధిలోని అన్ని వీధులలోను నేత శిక్షణకు దండోరా వేయించుట రెండవది. సభ్యులు చదువుకొని, చర్చకు సిద్ధపడి రావలెను. కోరము చాలక పోయినసారి వాయిదా పడిన సంగతి మరువరాదు.